సైట్రాన్స్, యాంబియంట్ ఆల్బమ్‌ల మీద శ్రోతల అభిప్రాయాలు: ఎవరి మాట నమ్మాలి, ఎలా వినాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హాల్యూసినోజెన్ ‘ట్విస్టెడ్’, ష్పాంగల్ ‘ఆర్ యూ ష్పాంగల్డ్?’, కార్బన్ బేస్డ్ లైఫ్‌ఫార్మ్స్ ‘హైడ్రోపోనిక్ గార్డెన్’, బయోస్ఫియర్ ‘సబ్‌స్ట్రాటా’, ఈ నాలుగు ఆల్బమ్‌ల మీద నెట్‌లో దొరికిన అభిప్రాయాలన్నీ చదివారు. ఒకరు ప్రాణం పెట్టేస్తున్నారు, ఇంకొకరు పది నిమిషాలు కూడా వినలేకపోయామంటున్నారు. గుంటూరు బ్రాడీపేటలో మీ గదిలో ముందు ఫోన్ స్పీకర్ మీద, తర్వాత చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద విన్నారు. సైట్రాన్స్ (వేగమైన దెబ్బతో నడిచే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం, కింద ‘ట్రాన్స్’ అన్నా ఇదే) అంతా టిక్కుటిక్కుమంది, యాంబియంట్‌లో (మెల్లగా పరుచుకునే, తరచూ దెబ్బే లేని ఎలక్ట్రానిక్ సంగీతం) అసలేమీ వినపడలేదు. ఎవరి మాట నమ్మాలి, ముందు ఏది వినాలి, ఏది కొనాలి?

ఈ సంగీతం మీద ఎవరి అభిప్రాయం చదివినా, రాసినాయన అభిరుచి కంటే ముందు తెలుసుకోవాల్సింది ఆయన దేని మీద విన్నాడు, ఎంత సౌండ్ పెట్టి విన్నాడు, ఎలాంటి చోట విన్నాడు అన్నది. సినిమా పాటకి ఈ పేచీ తక్కువ. పాట బలం గొంతులో, మాటల్లో ఉంటుంది. ఆటోలో విన్నా, హోటల్లో గోడమీది డబ్బాలో విన్నా పాట పాటగానే తెలుస్తుంది. సైట్రాన్స్ బలం 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య (హెర్ట్జ్ అంటే సెకనుకి కంపనాలు, అంకె తగ్గేకొద్దీ స్వరం మంద్రం), అంటే ఫోన్ స్పీకర్ చేతకాదని వదిలేసే చోట ఉంది. యాంబియంట్ బలం నిశ్శబ్దానికి వెంట్రుకవాసి పైన ఉంది, అంటే సీలింగ్ ఫ్యాన్ మింగేసే చోట. అందుకే ఒకే ఆల్బమ్‌ని ఇద్దరు విని రెండు వేర్వేరు ఆల్బమ్‌ల గురించి రాసినట్టు రాస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ముందు ట్రాన్స్ సంగతి. ఇప్పటి ఫుల్-ఆన్ అనే రకం సైట్రాన్స్ 143 నుంచి 148 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య నడుస్తుంది. ప్రోగ్రెసివ్ సై 134–140, ఫారెస్ట్, డార్క్ రకాలు 150 దాటతాయి. 145 దగ్గర లెక్కేస్తే ఒక్కో దెబ్బకి 414 మిల్లీసెకన్లు. ఆ దెబ్బని నాలుగు ముక్కలు చేస్తారు. మొదటి ముక్కలో కిక్ డ్రమ్, మిగతా మూడింటిలో బాస్ స్వరాలు. ఒక్కో ముక్కకి దాదాపు 103 మిల్లీసెకన్లు దక్కుతాయి. గుర్రం దౌడులా ముందుకి నెట్టుకుపోయే ఆ ఊపు మొత్తం ఈ మూడు చిన్న బాస్ స్వరాల్లో ఉంది. అవి ఎక్కువగా 41 నుంచి 49 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. ఉదాహరణకి ఎఫ్ షార్ప్ శ్రుతి అయితే 46.25 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందకి దాదాపు ఏమీ ఇవ్వదు. జేబులో పట్టే బ్లూటూత్ స్పీకర్ 80, 90 దగ్గరే చేతులెత్తేస్తుంది. మీకు మిగిలేది కిక్ మొదట్లో ఉండే చిన్న ‘క్లిక్’ మాత్రమే, అది 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది కనుక. మీరు విన్న టిక్కుటిక్కు అదే. ట్రాన్స్ మీద ‘ఒట్టి శబ్దం, సంగీతమే లేదు’ అని రాసిన అభిప్రాయాల్లో చాలా వాటికి కారణం ఇదేనని నా నమ్మకం.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రెండు వేల లోపు దొరికే వైరు ఇయర్‌ఫోన్లు, చెవిలోకి దిగే రబ్బరు టిప్ ఉన్నవి చాలు. కానీ టిప్ సైజు సరిగ్గా ఉండాలి. చెవికి గాలి చొరబడకుండా బిగుసుకోకపోతే బాస్ అంతా సందులోంచి పోతుంది. పెట్టెలో వచ్చే మూడు సైజుల్లో చాలామంది మధ్యది తగిలించుకుని వదిలేస్తారు, మూడూ పెట్టి చూడండి. ఎడమ, కుడి చెవులకి వేర్వేరు సైజులు కావాల్సి రావచ్చు. పరీక్ష సులువు. ఏదైనా టోన్ జనరేటర్ యాప్‌లో 100, 60, 50, 45 హెర్ట్జ్ స్వరాలు వరసగా వినండి. వాల్యూమ్ సగం కంటే కింద మొదలుపెట్టండి, మధ్యలో మార్చకండి. మన చెవికి కింది స్వరాలు సహజంగానే కాస్త తక్కువ వినపడతాయి, అది మామూలే. కానీ 100 బాగా వినపడి 45 దాదాపు మాయమైపోతే మాత్రం టిప్ బిగియలేదన్నమాట. ఈ పరీక్ష నెగ్గని సెట్ మీద విని సైట్రాన్స్ ఆల్బమ్‌కి మార్కులు వేయకండి, వేసిన వాళ్ళ మార్కులు పట్టించుకోకండి.

పెద్ద స్పీకర్లు, సబ్‌వూఫర్ ఉన్నవాళ్ళ అభిప్రాయాల్లో ఇంకో తిరకాసు ఉంటుంది. మన వైపు బెడ్‌రూములు చాలావరకు పది అడుగులు బై పన్నెండు, చుట్టూ ఇటుక గోడ, పైన స్లాబు, కింద టైల్సు. అలాంటి గదిలో పన్నెండడుగుల నిడివికి 48 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల వెడల్పుకి 57 హెర్ట్జ్ దగ్గర గాలి తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. పైన చెప్పిన బాస్ స్వరాలు సరిగ్గా ఆ పక్కనే ఉన్నాయి. 46 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు తిరగడానికి 22 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 103 మిల్లీసెకన్ల బాస్ స్వరానికి దక్కేవి నాలుగైదు చుట్లే. స్వరం ఆగినా గది మోగుతూనే ఉంటే మూడు స్వరాలూ కలిసిపోయి ఒకటే హోరు అవుతుంది. ఇనుప బీరువా తలుపు కూడా దానికి తోడు మోగుతుంది. ‘బాస్ బురద బురదగా ఉంది, మిక్సింగ్ బాగోలేదు’ అని రాసినవాళ్ళలో చాలామంది తమ గది గురించి రాశారు. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించడం, కర్టెన్లు కట్టడం 48 హెర్ట్జ్‌ని ఏమీ చేయలేవు, అవి పైస్థాయి శబ్దాల్నే తగ్గిస్తాయి. పనిచేసేది కూర్చునే చోటు మార్చడం. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ స్వరం చెవికి దాదాపు అందదు, వెనక గోడకి ఆనుకుని కూర్చుంటే మరీ ఎక్కువవుతుంది. పన్నెండడుగుల గదిలో స్పీకర్లున్న గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కుర్చీ వేసుకుని మొదలుపెట్టి, అరడుగు అరడుగు జరుపుతూ మూడు స్వరాలు విడివిడిగా వినపడే చోటు పట్టుకోండి. సబ్‌వూఫర్‌ని మూలలోంచి బయటికి లాగండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ల మీద నిషేధం ఉంది. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్ద పరిమితి 45 డెసిబెల్సే. పైగా బాస్ స్లాబులోంచి పై ఇంటికి నేరుగా పోతుంది. రాత్రి ఇయర్‌ఫోన్లే దారి.

సౌండ్ తగ్గించి విన్నా అభిప్రాయం మారిపోతుంది. తక్కువ సౌండ్‌లో చెవికి బాస్ ఇంకా తక్కువ వినపడుతుంది, అందుకే ఇంట్లోవాళ్ళు లేస్తారని చిన్నగా పెట్టుకుని విన్నవాళ్ళకి ట్రాన్స్ పలచగా అనిపిస్తుంది. అలాగని పెంచుకుంటూ పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. సైట్రాన్స్‌లో శబ్దం పైస్థాయిలోనే నిలకడగా ఉంటుంది, మధ్యలో చెవికి విరామం దొరకదు. కాబట్టి యాంబియంట్‌కి పెట్టిన వాల్యూమ్‌లో ట్రాన్స్ మొదలుపెట్టడం ప్రమాదం. ‘సబ్‌స్ట్రాటా’ వింటూ పెంచిన సౌండ్‌ని ట్రాన్స్‌కి మారేముందు తగ్గించడం అలవాటు చేసుకోండి.

ఇక యాంబియంట్. ఇక్కడ శత్రువు ఫ్యాన్. మే నెలలో గుంటూరులో, విజయవాడలో ఫ్యాన్ ఆపి వినమని ఎవరూ చెప్పలేరు. కానీ ఐదులో తిరిగే ఫ్యాన్ హోరు పైనుంచి కిందిదాకా అన్ని స్థాయుల్లో పరుచుకుని ఉంటుంది. యాంబియంట్‌లో ఒక స్వరం సన్నగిల్లుతూ ఆరిపోయే చివరి ఐదారు సెకన్లు ఉంటాయే, సంగతంతా అక్కడే ఉంది, ఫ్యాన్ ముందు మింగేది దాన్నే. అప్పుడు ఆల్బమ్‌లో స్వరాలకి మొదళ్ళు మాత్రమే మిగులుతాయి. ‘ఏమీ జరగదు’ అనే ఫిర్యాదు అక్కడ పుడుతుంది. వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య ఫ్యాన్ రెండులో పెట్టి వినండి, ట్రాఫిక్ కూడా ఉండదు. చలికాలం ఇంకా మేలు. ధనుర్మాసంలో మాత్రం ఆ వేళకి గుడి మైకులు మొదలవుతాయి, అప్పుడు రాత్రి పదకొండు తర్వాత పెట్టుకోండి. గుంటూరు–విజయవాడ బస్సులో ‘సబ్‌స్ట్రాటా’ వినడం దండగ. ఇంజన్ హోరుని నాయిస్ క్యాన్సిలింగ్ కొంత ఆపగలదు గానీ హారన్లని ఆపలేదు. బస్సులో దెబ్బ ఉన్న ఆల్బమ్‌లు పెట్టుకోండి.

బ్లూటూత్ వల్ల నాణ్యత పోతుందని చాలా అభిప్రాయాల్లో కనిపిస్తుంది. పోతుంది, కొంచెం. కానీ టిప్ బిగింపు, ఫ్యాన్, గది, ఈ మూడింటి ముందు అది చాలా చిన్న విషయం. వైరు కొనే ముందు ఫ్యాన్ తగ్గించండి.

ఇప్పుడు తరచూ వినే పెద్ద ఫిర్యాదు: ‘అంతా ఒకేలా ఉంది, రాగం లేదు’. దీనికి మన చెవికి మంచి తాళంచెవి ఉంది. పాశ్చాత్య పాప్ పాటలో కార్డ్‌లు (కలిపి ఒకేసారి పలికే స్వరాల గుంపులు) మారుతుంటాయి. ట్రాన్స్‌లో ఎనిమిది నిమిషాలూ ఆధారషడ్జం కదలదు, తంబుర మీద పాడినట్టే. స్వరాల ఎంపిక కూడా మనకి కొత్తది కాదు. వాళ్ళు ఫ్రిజియన్ అనే స్కేల్ మన హనుమతోడి స్వరాలు. ఫ్రిజియన్ డామినెంట్ అనేది వకుళాభరణం స్వరాలు. డబుల్ హార్మోనిక్ అంటే సరళీ స్వరాలు నేర్చిన ప్రతివారికీ తెలిసిన మాయామాళవగౌళ. షడ్జానికి ఆనుకుని ఉండే శుద్ధ రిషభం మీదకి వెళ్ళి వెనక్కి రావడం ఈ సంగీతంలో ప్రధానమైన బిగువు. గమకాలు ఉండవు, సంచారం ఉండదు కాబట్టి దాన్ని తోడి రాగం అనకూడదు, స్వరాలు మాత్రమే అవి. మారేది నాదం. ఫిల్టర్ (స్వరంలో కొన్ని స్థాయుల్ని కోసేసేది) తెరుచుకోవడం, మూసుకోవడం, ఒకే స్వరం గరుకు నుంచి నునుపుకి, లోహం నుంచి నీటిలోకి మారడం, కథ అక్కడ నడుస్తుంది.

ఒక కసరత్తు చెబుతాను. 145 బీపీఎంలో నాలుగు దెబ్బల ఆవర్తం 1.65 సెకన్లు. పదహారు ఆవర్తాలు అయితే 26 సెకన్లకి కాస్త ఎక్కువ, ముప్ఫై రెండు అయితే 53 సెకన్లు. వేళ్ళమీద తాళం వేసినట్టు లెక్కపెట్టుకుంటూ వినండి. పదహారో ఆవర్తం చివర ఏదో ఒకటి చేరుతుంది లేదా తప్పుకుంటుంది. మూడు ట్రాక్‌లు ఇలా విన్నాక ‘అంతా ఒకేలా ఉంది’ అనే మాట మీ నోట రావడం కష్టం. కచేరీలో ఆలాపన అరగంట వినగలిగే చెవి ఉన్నవాళ్ళకి యాంబియంట్ తొందరగా పట్టుబడుతుంది, తనియావర్తనం ఇష్టపడేవాళ్ళకి ట్రాన్స్.

ట్రాక్‌లు ఎందుకంత పొడవు, మొదట్లో చివర్లో దెబ్బ లేకుండా ఎందుకు ఉంటుందనేది కూడా అభిప్రాయాల్లో సాగదీతగా కనిపిస్తుంది. దానికో చరిత్ర ఉంది. 1990ల్లో గోవాలో అంజునా వైపు ఆరుబయట పార్టీల్లో వినైల్ రికార్డులు ఎండకి వంగిపోయేవి, దుమ్ముకి పాడయ్యేవి. అందుకని డాట్ (డిజిటల్ ఆడియో టేప్) క్యాసెట్లు వాడారు. డాట్‌లో వేగం సర్దే వీలు లేదు, రెండు ట్రాక్‌ల దెబ్బ కలపడం కుదరదు. కాబట్టి దెబ్బ లేని ఆరంభం, దెబ్బ లేని ముగింపు పెట్టి ఒకదానిమీద ఒకటి జార్చేవారు. ఆ రూపం అలాగే స్థిరపడింది. విజయవాడ, గుంటూరు మీదుగా అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవాలోని వాస్కో వరకు వెళ్ళొచ్చు, ఈ సంగీతం పుట్టింది అంత దగ్గర్లో. ఇంకా దగ్గరి చుట్టం చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన 1982లో రోలాండ్ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 అనే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు పెట్టుకుని డిస్కో దెబ్బ మీద పది రాగాలు రికార్డు చేశాడు. అదే టీబీ-303 మెలికల మీద నడిచే ‘ఆసిడ్’ సంగీతానికి తొలి రికార్డుల్లో ఒకటిగా చెప్పే ‘ఆసిడ్ ట్రాక్స్’ షికాగోలో వచ్చింది 1987లో. అప్పట్లో చరణ్‌జిత్ రికార్డుని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అందులో మాల్‌కౌన్స్ మన హిందోళం, భూపాలి మన మోహనం, యమన్ మన కల్యాణి. ట్రాన్స్ చెవికి ఎక్కని కర్ణాటక సంగీతాభిమానులు ముందు ఇది వినాలి.

మీరు అడిగిన ఆల్బమ్‌ల మీద వచ్చే అభిప్రాయాలు ఒక్కొక్కటి ఎలా చదవాలో చెబుతాను.

‘ట్విస్టెడ్’ 1995లో వచ్చింది. హాల్యూసినోజెన్ అంటే సైమన్ పాస్‌ఫర్డ్ ఒక్కడే. ‘పాతబడింది, బలం లేదు’ అని రాసేవాళ్ళు సాధారణంగా ఇప్పటి ఫుల్-ఆన్ ట్రాక్ విన్న వెంటనే దీన్ని పెడతారు. ఇప్పటి మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే చివరి సవరింపు) శబ్దాన్ని బాగా నొక్కి పైకి తోస్తుంది, 1995లో అంత నొక్కేవారు కాదు. నాలుగైదు డెసిబెల్స్ పెంచి వినండి, పలచదనం చాలావరకు పోతుంది. చెవిలో మెలికలు తిరిగే స్వరాల పనితనంలో దీన్ని దాటినవి తక్కువని నా అభిప్రాయం. మొదటి ట్రాక్ ‘ఎల్‌ఎస్‌డీ’ పేరు చూసి కొందరు ఆ మత్తుమందు లేకుండా ఈ సంగీతం అర్థం కాదని రాస్తారు. అది తప్పు. మత్తులో విన్నవాడి అభిప్రాయం ఆల్బమ్ గురించి మీకేమీ చెప్పదు. మీరు వినబోయేది ఆ స్థితిలో కాదు కనుక దాన్ని లెక్కలోంచి తీసేయండి.

‘ఆర్ యూ ష్పాంగల్డ్?’ 1998. అదే పాస్‌ఫర్డ్, తోడుగా ఫ్లూట్‌తో రాజా రామ్. మొత్తం ఏడు ట్రాక్‌లు, చివరిది దాదాపు ఇరవై నిమిషాలు. ‘మాటల ముక్కలు, వింత శబ్దాలు మరీ ఎక్కువ’ అనే ఫిర్యాదులో నిజం ఉంది. మొదటిసారి విన్నప్పుడు చెవి ఎటు చూడాలో తెలియక అలిసిపోతుంది. అలాంటప్పుడు వరసలో కాకుండా ‘డివైన్ మొమెంట్స్ ఆఫ్ ట్రూత్’ ముందు వినండి, ఆ తర్వాత చివరి పెద్ద ట్రాక్, ఆ తర్వాత మొత్తం. సినిమా సంగీతం మీద పెరిగిన చెవికి దీనికంటే 2001లో వచ్చిన ‘టేల్స్ ఆఫ్ ది ఇనెక్స్‌ప్రెసిబుల్’ తేలిక. అందులో మొదటి ట్రాక్ గిటారు రెండో నిమిషానికల్లా మనసు పట్టేసుకుంటుంది. 2005లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘నథింగ్ లాస్ట్స్... బట్ నథింగ్ ఈజ్ లాస్ట్’ ఇరవై ట్రాక్‌లు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి సాగుతాయి. దీనిమీద ‘ముక్కలు ముక్కలుగా ఉంది’ అని ఎవరైనా రాస్తే వాళ్ళ ప్లేయర్ ట్రాక్‌ల మధ్య అరసెకను ఖాళీ వదులుతోందని అనుమానించండి. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ట్రాక్ మొదట్లో, చివర్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది, ప్లేయర్ దాన్ని కత్తిరించకపోతే అతుకు వినపడుతుంది. ప్లేయర్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (ఖాళీ లేకుండా వాయించడం) ఆన్ చేయాలి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివర మీదకి ఇంకోదాన్ని కలపడం) సున్నాకి తేవాలి. షఫుల్‌లో ఈ ఆల్బమ్ వినడం అన్యాయం.

‘హైడ్రోపోనిక్ గార్డెన్’ 2003, స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ జంట చేసింది, ఫ్రాన్స్‌లో లియాన్‌కి చెందిన అల్టిమే అనే రికార్డు సంస్థ విడుదల చేసింది. ‘ఎంఓఎస్ 6581’ అనే ట్రాక్ పేరు కొమొడోర్ 64 కంప్యూటర్‌లోని సౌండ్ చిప్‌ది. ‘నిద్రొచ్చింది’ అనేది దీనిమీద ఎక్కువగా కనిపించే మాట, తిట్టుగానూ పొగడ్తగానూ వాడతారు. దెబ్బ నెమ్మది, కిందనుంచి ఆసిడ్ స్వరం (టీబీ-303 తరహాది) మెల్లగా మెలితిరుగుతుంది. ట్రాన్స్‌కీ యాంబియంట్‌కీ నడిమి గట్టుమీద నిలబడిన ఆల్బమ్. మీలాంటి కొత్త శ్రోతకి నేను మొదట చెప్పేది ఇదే. బాస్ కొంత తగ్గినా, చుట్టూ కొంత చప్పుడున్నా తట్టుకుంటుంది. ఇది నచ్చితే 2006 నాటి ‘వరల్డ్ ఆఫ్ స్లీపర్స్’, 2010 నాటి ‘ఇంటర్‌లోపర్’ వరసగా వినండి. 2011లో వచ్చిన ‘ట్వంటీత్రీ’ మాత్రం దెబ్బే లేనిది. పాత ఆల్బమ్‌లలాంటిదే అనుకుని కొన్నవాళ్ళు దానికి తక్కువ మార్కులు వేశారు. ఆ మార్కులు చూసి ఆగకండి.

‘సబ్‌స్ట్రాటా’ 1997. నార్వే ఉత్తర కొసన ట్రోమ్సో మనిషి గైర్ యెన్సెన్ బయోస్ఫియర్ పేరుతో చేసింది. దెబ్బ లేదు. చలి, గాలి, దూరం, ఇవే సరుకు. ‘కోబ్రేసియా’లో రష్యన్ మాటలు వినపడతాయి, అర్థం తెలియకపోయినా నష్టం లేదు. నలభై డిగ్రీల మధ్యాహ్నం దీన్ని విని ‘ఏముంది ఇందులో’ అన్నవాళ్ళని తప్పుపట్టను, కానీ వాళ్ళు ఇంకా వినలేదనే అంటాను. 2001లో ‘సబ్‌స్ట్రాటా 2’ పేరుతో రెండు డిస్కులుగా మళ్ళీ వచ్చింది. రెండో డిస్కులో ఒక మూకీ సినిమాకి చేసిన సంగీతం ఉంది. ‘రెండో సగం తేలిపోయింది’ అనే అభిప్రాయం కనిపిస్తే రాసినాయన ఏ ప్రతి విన్నాడో చూడండి.

ఏ ప్రతి విన్నారన్నది చిన్న సంగతి కాదు. అఫెక్స్ ట్విన్ 1994 ఆల్బమ్ ‘సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ వాల్యూమ్ 2’లో ట్రాక్‌లకి ఒక్కదానికి తప్ప పేర్లు లేవు, బొమ్మలే గుర్తులు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేర్లు అభిమానులు పెట్టుకున్నవి. అప్పటి సీడీలో ‘స్టోన్ ఇన్ ఫోకస్’ అని పిలిచే ట్రాక్ లేనే లేదు, వినైల్‌లో ఉంది. ఆల్బమ్‌లో అదే గొప్పదని ఒకరు రాస్తే, సీడీ విన్నవాళ్ళు అలాంటిది లేదని వాదించారు. ట్రాక్ నంబరుతో మాట్లాడుకుంటే ఇద్దరూ వేర్వేరు ట్రాక్‌ల గురించి కొట్టుకుంటారు.

ఇన్‌ఫెక్టెడ్ మష్రూమ్ అనే ట్రాన్స్ జంట మీద అభిప్రాయాలు ఇంకో రకంగా చదవాలి. ‘క్లాసికల్ మష్రూమ్’ 2000, ‘బీ.పీ. ఎంపైర్’ 2001. ఈ రెండూ విని ప్రేమలో పడ్డవాళ్ళు 2003లో వచ్చిన జంట డిస్కుల ‘కన్వర్టింగ్ వెజిటేరియన్స్’ని తిట్టారు, ఎందుకంటే ఒక డిస్కు మాత్రమే ట్రాన్స్, రెండోది దారి మారింది. దానితోనే మొదలుపెట్టినవాళ్ళకి పాతవి ఎండిపోయినట్టుంటాయి. ఏ ఆల్బమ్‌తో లోపలికి వచ్చారన్నది అభిప్రాయంలో సగం.

యాంబియంట్‌లో నిజంగా ఏం జరుగుతుందో తెలియాలంటే బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ 1978లోని రెండో ట్రాక్ మీద అరగంట పెట్టండి. పొడుగ్గా పాడిన ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు చుట్టగా వేశారు. ఒకటి 23.5 సెకన్లకోసారి, ఇంకొకటి 25 సెకన్లు దాటి, మరొకటి దాదాపు 30 సెకన్లకి తిరిగొస్తాయి. ఈ కొలతలు ఒకదానికొకటి పొసగవు. అందుకే ఏ రెండు కలయికలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక స్వరాన్ని పట్టుకుని అది ఎప్పుడు తిరిగొస్తుందో గడియారం చూస్తూ గమనించండి, మిగతావి దాని చుట్టూ చోటు మారడం తెలుస్తుంది. ‘రిపీట్ అవుతూ ఉంటుంది’ అని ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళు చుట్టల్ని విన్నారు, కలయికల్ని వినలేదు. గ్లోబల్ కమ్యూనికేషన్ 1994 ఆల్బమ్ పేరు ‘76:14’, అదే దాని నిడివి, ట్రాక్‌ల పేర్లు కూడా వాటి నిడివులే. ఇది వినకుండా ఈ దారిలో ముందుకి వెళ్ళకండి.

మీరు కూడా అభిప్రాయం రాస్తానన్నారు. ఒక్కసారి విని రాయొద్దు. మొదటిసారి మధ్యలో ఆపకుండా, ముందుకి జరపకుండా వినండి. రెండోసారి వేరే పరికరం మీద, వేరే వేళలో. మూడోసారి మీకు నచ్చని చోట్లు మాత్రమే, నిమిషం, సెకను రాసుకుంటూ. ‘4:10 దగ్గర బాస్ ఆగి మళ్ళీ 5:03కి వచ్చేదాకా పట్టు సడలింది’ అని రాస్తే చదివేవాళ్ళు అక్కడికి వెళ్ళి చూసుకోగలరు. ‘మధ్యలో బోరు’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ప్రతి, ఫ్లాకా (నాణ్యత తగ్గని ఫైల్) ఎంపీ3నా స్ట్రీమింగా, ఇయర్‌ఫోనా స్పీకరా, ఫ్యాన్ ఉందా, ఏ వేళ, ఇవి రెండు వాక్యాల్లో చేర్చండి. యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించిన ప్రతి మీద మాత్రం రాయకండి. వేగం మార్చినవి, చివర కత్తిరించినవి చాలా తిరుగుతుంటాయి, యాంబియంట్ మధ్యలో ప్రకటన పడిందంటే ఆ అరగంట పోయినట్టే. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (అన్నిటినీ ఒకే సౌండ్ స్థాయికి తెచ్చేది) ఆన్‌లో ఉంచితే రెండు ఆల్బమ్‌లని పోల్చేటప్పుడు ఎక్కువ సౌండ్ ఉన్నది గొప్పదిగా కనిపించే భ్రమ తగ్గుతుంది. ఈక్వలైజర్‌లో బాస్ 6 డెసిబెల్స్ పెంచితే అందులోనే ఉండే ప్రీఆంప్ (మొత్తం సౌండ్ స్థాయి) 6 తగ్గించండి, లేకపోతే కిక్ పగిలి, ఆ నేరం ఆల్బమ్ మీద పడుతుంది.

కొనడానికి బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే వెబ్‌సైట్ సులువు. అల్టిమే ఆల్బమ్‌లు, ట్విస్టెడ్ మ్యూజిక్ (హాల్యూసినోజెన్, ష్పాంగల్‌ల రికార్డు సంస్థ) ఆల్బమ్‌లు అక్కడ ఉన్నాయి, ఒకసారి కొంటే ఫ్లాక్, ఎంపీ3 ఏ రూపంలో కావాలంటే అందులో దించుకోవచ్చు. డెబ్భై నిమిషాల ఆల్బమ్ 320 కేబీపీఎస్ ఎంపీ3లో సుమారు 170 ఎంబీ, ఫ్లాక్‌లో 350 నుంచి 500 మధ్య. కార్డు తిరస్కరిస్తే కంగారు పడకండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మామూలుగా ఆపి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి రెండు వేలు పెట్టి, కొన్నాక మళ్ళీ ఆపేయండి. మొదట ‘హైడ్రోపోనిక్ గార్డెన్’ కొనండి. నెల తర్వాత అందులో దెబ్బ ఉన్న ట్రాక్‌ల వైపు మనసు లాగుతుంటే ‘ట్విస్టెడ్’, దెబ్బ లేని చోట్ల ఆగిపోతుంటే ‘సబ్‌స్ట్రాటా’. ష్పాంగల్ ఆ రెండింటి తర్వాత.